విమానం మీద మన ఊరి పేరు

లండన్ హెండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఉంది. టికెట్ లేదు, కోలిన్‌డేల్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వచ్చేస్తుంది. కొన్నేళ్ల కిందట మా బావ హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు, ఊరంతా తిరిగి కాళ్లు నొప్పులు పుట్టాక, ఇంకేం చూస్తావు బావా అంటే విమానాలు చూద్దాం అన్నాడు. చిన్నప్పుడు బేగంపేట గోడ పక్కన నిలబడి విమానాలు దిగుతుంటే లెక్కపెట్టినవాడు, ఆ ఇష్టం ఇంకా పోలేదు. సరే అని వెళ్లాం. లోపల నేను ఏదో బోర్డు చదువుతున్నా, దూరం నుంచి కేక వినిపించింది, "ఒరేయ్, ఇటు రా, దీనిమీద మన హైదరాబాద్ పేరుందిరా!"

పరుగెత్తినంత పని చేశాను. చెక్క ఫ్రేము, గుడ్డ కప్పిన రెక్కలు, ఒకదాని మీద ఒకటి రెండు వరసలు, ముందు పెద్ద ఇంజిను, వెనక ఇద్దరు కూర్చునే చోటు, పైకప్పంటూ ఏమీ లేదు. దాని ఒంటి మీద ఇంగ్లీషులో నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినది అని రాసి ఉంది. బావ దాన్ని మూడుసార్లు పైకి చదివాడు. నేనూ చదివాను. పరాయి ఊళ్లో, అదీ ఒక బాంబర్ మీద, మన ఊరి పేరు కనబడితే ముందు ఒళ్లు జలదరించింది, తరవాత ఎందుకో మనసు బరువెక్కింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఈ విషయం నన్ను వదల్లేదు, అందుకే రాస్తున్నాను.

అది డీహెచ్ 9ఏ అనే రకం విమానం. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో ఒక స్క్వాడ్రన్‌కి, అంటే ఒక విమాన దళానికి, ఏకంగా విమానాలన్నీ సమకూరాయి. 110 స్క్వాడ్రన్. అప్పటి నుంచి దాని పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అయిపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్ నుంచి బయల్దేరి జర్మనీ ఊళ్ల మీద పగటిపూట బాంబులు వెయ్యడం మొదలుపెట్టారు. పగటిపూట అని ఎందుకు చెప్తున్నానంటే, కింద నుంచి తుపాకులకీ పైనుంచి శత్రు విమానాలకీ నిలువునా కనబడుతూ, తెరిచి ఉన్న కాక్‌పిట్‌లో చలికి కొంకర్లు పోతూ, రెండు మూడు గంటలు వెళ్లి రెండు మూడు గంటలు తిరిగి రావాలి. పారాచూట్లు లేవు. అక్టోబరు 21న ఒక్క రోజే 7 విమానాలు తిరిగి రాలేదు. యుద్ధం ఇంకో మూడు వారాల్లో ముగిసిపోయింది.

మేము చూసిన విమానం నంబరు ఎఫ్1010. అక్టోబరు 5న జర్మనీ మీదకు వెళ్లి అక్కడే దిగిపోవాల్సి వచ్చింది. అందులో ఇద్దరూ బతికారు, ఖైదీలయ్యారు. ఒకరు కెప్టెన్ ఇంగ్లిస్, ఇంకొకరు సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీ. విమానాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే అక్కడినుంచి తూర్పుకి తరలించారు, అది పోలండ్‌లో తేలింది, చివరికి 1977లో పోలండ్ వాళ్లకి స్పిట్‌ఫైర్ అనే ఫైటర్ విమానం ఒకటి ఇచ్చి దీన్ని లండన్‌కి తెచ్చుకున్నారు. ఇంత తిరుగుడు తిరిగింది.

నిజాం ఇచ్చిన డబ్బు ఎక్కడిది అని ఆలోచిస్తే, మన తెలంగాణ రైతులు, అటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తే కదా. ఏ మెదక్‌లోనో, ఏ నల్లగొండలోనో చెరువు కింద రెండెకరాలు దున్నుకునే మనిషికి తన రూపాయి ఒకటి జర్మనీ ఆకాశంలో రెక్కలు కట్టుకుని ఎగిరిందని జీవితాంతం తెలిసి ఉండదు. ఆ విమానం ఎక్కినవాళ్లకి హైదరాబాద్ ఎటువైపు ఉందో తెలిసి ఉండదు. ఇద్దరికీ ఎలాంటి సంబంధం లేదు, ఉన్నదల్లా ఆ విమానం మీద రాసిన పేరు. ఆ పేరు మాత్రం వందేళ్లయినా చెదరలేదు, అందులో కూర్చున్నవాళ్ల పేర్లు మాత్రం పక్కన బోర్డులో చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. బావ అదే అన్నాడు, "డబ్బిచ్చినాయన పేరు ఇంత పెద్దగా ఉంది, ఎక్కినోళ్ల పేర్లేవిరా?"

ఆ స్క్వాడ్రన్ కథ అక్కడితో అయిపోలేదు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, మర్నాడే, అంటే 4న, జర్మన్ యుద్ధనౌకల మీదకు బ్లెన్‌హైమ్ విమానాలు పంపారు. ఆ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మొదటి బాంబు దాడి అదే, దాన్ని ముందుండి నడిపించింది మన పేరు పెట్టుకున్న 110 స్క్వాడ్రనే. దాడి చేసిన 10 విమానాల్లో 5 తిరిగి రాలేదు. తగిలిన బాంబులు కూడా కొన్ని పేలలేదు. మొదటి రోజే సగానికి సగం. ఆ యుద్ధంలో 152, 253 అనే ఇంకో రెండు స్క్వాడ్రన్లకి కూడా హైదరాబాద్ పేరు ఉండేది, కానీ అవి ఫైటర్లు. ఫైటర్ల గురించి అందరికీ తెలుసు, స్పిట్‌ఫైర్ అంటే చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. నేను చెప్పాలనుకున్నది బాంబర్ల గురించి.

అదే మ్యూజియంలో రెండో యుద్ధం నాటి లాంకాస్టర్ అనే బాంబర్ ఒకటి ఉంది. నాలుగు ఇంజిన్లు, నల్లటి పొట్ట. ముక్కు పక్కన వరసగా పసుపు రంగు చిన్న చిన్న బాంబు బొమ్మలు వేసి ఉంటాయి, వెళ్లొచ్చిన ప్రతి రాత్రికీ ఒకటి. ఈ విమానం 137 సార్లు వెళ్లొచ్చింది. యుద్ధంలో తయారైన లాంకాస్టర్లు 7,377, వాటిలో దాదాపు సగం తిరిగి రాలేదు, ఇవాళ ప్రపంచంలో ఎగరగలిగినవి రెండే, ఒకటి ఇంగ్లండ్‌లో, ఒకటి కెనడాలో. అందుకే ఈ 137 అనే సంఖ్య ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. ఇది అదృష్టం. పక్కనున్న విమానం మూడోసారికే పోయి ఉంటుంది.

లాంకాస్టర్‌లో ఏడుగురు. పైలట్, పక్కన ఫ్లైట్ ఇంజినీర్, కర్టెన్ వెనక చిన్న దీపం కింద మ్యాపులు గీసుకునే నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, ముక్కులో బోర్లా పడుకునే బాంబ్ ఎయిమర్, నడుము మీద ఒక గన్నర్, తోకలో ఇంకో గన్నర్. తోకలో వాడి సంగతి తలచుకుంటేనే నాకు ఊపిరాడదు. మిగతా ఆరుగురూ కాస్త దగ్గర దగ్గరగా ఉంటారు, వీడు మాత్రం వెనక్కి తిరిగి, ఒంటరిగా, మోకాళ్లు కూడా సరిగ్గా చాపలేని అద్దాల గూట్లో ఎనిమిది తొమ్మిది గంటలు. చీకట్లో బాగా కనబడాలని చాలామంది ముందున్న అద్దం తీయించేసుకునేవాళ్లు, బయట మైనస్ 40 డిగ్రీలు, ఆ గాలి తిన్నగా మొహానికి. కరెంటుతో వేడెక్కే సూట్లు ఇచ్చారు, అవి ఒక్కోసారి పనిచేసేవి కాదు. ఆక్సిజన్ గొట్టంలో ఊపిరి తేమ గడ్డకట్టేది. ఆ చలిలో, ఆ చీకట్లో, కన్నార్పకుండా వెనకాల ఎవరైనా వస్తున్నారేమో చూస్తూ ఉండాలి. వాడికి ఇరవై ఏళ్లుంటాయి. మనిళ్లల్లో ఆ వయసు పిల్లలు ఇంజనీరింగ్ సెకండియర్‌లో ఉంటారు.

ఈ జట్టుని చాలావరకు ఎవరో కూర్చుని కలిపేవాళ్లు కాదు. ట్రైనింగ్ అయ్యాక కుర్రాళ్లందరినీ ఒక పెద్ద హాల్లోకి తోలి, మీలో మీరే జట్లు కట్టుకోండి అని వదిలేసేవాళ్లు. ఒకడి నవ్వు నచ్చి, ఒకడు తాగడని తెలిసి, ఒకడిది మా ఊరేనని, అలా అలా ఒకటయ్యేవాళ్లు. కొందరు ఆఫీసర్లు, కొందరు సార్జెంట్లు, విమానం ఎక్కాక ఆ తేడాల్లేవు. ఒక కెనడా రైతు కొడుకు, ఒక లండన్ గుమస్తా, ఒక ఆస్ట్రేలియా కుర్రాడు, అందరి ప్రాణమూ ఒకే చోట. వీళ్లందరూ తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే, బాంబర్ కమాండ్‌లో, అంటే బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్‌లో బాంబర్లు నడిపే విభాగంలో, విమానం ఎక్కినవాళ్లలో బలవంతంగా తెచ్చినవాడు ఒక్కడూ లేడు.

లెక్క చెప్తాను. 30 సార్లు వెళ్లొస్తే ఒక టూర్ పూర్తి, కొన్నాళ్లు విశ్రాంతి. 1943–44 శీతాకాలంలో బెర్లిన్ మీదకు వెళ్తున్న రోజుల్లో ఒక్కో రాత్రి నూటికి ఐదు విమానాల చొప్పున పోయేవి. ఐదే కదా అనిపిస్తుంది. వందలో 95 శాతం, అందులో మళ్లీ 95 శాతం, అలా 30 సార్లు లెక్కవేసుకుంటూ పోండి, చివరికి మిగిలేది 21. అంటే వందమంది మొదలుపెడితే టూర్ చివరిదాకా మిగిలేది ఇరవై ఒక్కరు. ఆ కుర్రాళ్లకి కూడా లెక్కలొచ్చు కదా, నావిగేటర్లయితే లెక్కల్లో పుట్టినవాళ్లు. తెలిసే సాయంత్రం మళ్లీ బూట్లు వేసుకుని వెళ్లేవాళ్లు. 1944 మార్చి 30 రాత్రి నూరెంబర్గ్ మీదకు 795 విమానాలు బయల్దేరాయి, వెన్నెల ఎక్కువగా ఉంది, 95 తిరిగి రాలేదు. 1940లో బ్రిటన్ ఆకాశంలో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అనే పోరు నెలల తరబడి జరిగితే అందులో పోయిన ఫైటర్ పైలట్లు ఎంతమందో దాదాపు అంతమంది ఆ ఒక్క రాత్రే పోయారు.

మొత్తం యుద్ధంలో బాంబర్ కమాండ్ విమానాలెక్కినవాళ్లు 1,25,000 మంది. చనిపోయినవాళ్లు 55,573.

ఫ్రీమన్ డైసన్ అని తరవాత గొప్ప భౌతిక శాస్త్రవేత్త అయిన ఆయన, అప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు, బాంబర్ కమాండ్ ఆఫీసులో ఈ లెక్కలే చూసేవాడు. కూలిపోతున్న విమానంలోంచి బయటపడి బతికినవాళ్లు ఎంతమంది అని చూస్తే, హాలిఫాక్స్ అనే ఇంకో రకం బాంబర్‌లో నూటికి 25 మంది, లాంకాస్టర్‌లో 15 మందే. ఎందుకు? లాంకాస్టర్ కింద తలుపు వెడల్పు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌ది 24. మందపాటి బట్టలు, పారాచూట్, చీకటి, విమానం గిరగిరా తిరుగుతోంది, ఆ రెండంగుళాల దగ్గర ఇరుక్కుపోయేవాళ్లు. పెద్దది చెయ్యమని చెప్పారు, ఫైళ్లు తిరిగి తిరిగి పని అయ్యేసరికి యుద్ధం అయిపోవచ్చింది. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. శత్రువు చేతిలో చావడం వేరు, తలుపు సన్నగా ఉందని చావడం వేరు.

ఇంకొకటి. అనుభవం పెరిగేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుంది, మొదటి ఐదారు సార్లు తట్టుకుంటే చాలు అని కుర్రాళ్లకి చెప్పేవాళ్లు. డైసన్ లెక్కలు చూస్తే అది నిజం కాదు. మొదటిసారి వెళ్లినవాడికీ ఇరవై తొమ్మిదోసారి వెళ్లినవాడికీ అపాయం ఒకటే. కారణం తరవాత తెలిసింది. జర్మన్ నైట్ ఫైటర్లు పైకి పేల్చే తుపాకులు బిగించుకుని, లాంకాస్టర్ పొట్ట కిందకి నెమ్మదిగా చేరి, పెట్రోలు ట్యాంకు మీద గురిపెట్టేవి. కింద చూడటానికి ఎవరూ లేరు. గన్నర్ ఎంత చురుకైనవాడైనా, పైలట్ ఎంత ఆరితేరినవాడైనా, తమను చంపిందెవరో చూడకుండానే పోయారు.

అయినా వాళ్లు ఒకరినొకరు వదిలిపెట్టలేదు. ఆండ్రూ మైనార్స్కీ కెనడా కుర్రాడు, నడుము మీద గన్నర్. 1944 జూన్‌లో ఫ్రాన్స్ మీద వాళ్ల లాంకాస్టర్ అంటుకుంది. దూకెయ్యమని పైలట్ చెప్పాడు. మైనార్స్కీ తలుపు దాకా వచ్చి వెనక్కి చూస్తే తోకలో పాట్ బ్రోఫీ ఇరుక్కుపోయి ఉన్నాడు, తుపాకులుండే ఆ అద్దాల గూడు, టరెట్, తిరగడం లేదు. మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లి, గొడ్డలితో కొట్టి, చేతుల్తో లాగి చూశాడు. రాలేదు. వెళ్లిపో అని బ్రోఫీ సైగ చేశాడు. మైనార్స్కీ బట్టలు అంటుకుని ఉన్నాయి, అలాగే వెనక్కి పాక్కుంటూ తలుపు దాకా వెళ్లి, నిటారుగా నిలబడి, బ్రోఫీకి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో చనిపోయాడు. చిత్రం ఏమిటంటే విమానం నేలకి గుద్దుకున్నప్పుడు తోక విరిగి బ్రోఫీ బయటికి విసిరేసినట్టు పడి బతికాడు. అతను చెబితేనే లోకానికి తెలిసింది. 1946లో మైనార్స్కీకి విక్టోరియా క్రాస్, అంటే బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద వీరపతకం, ఇచ్చారు. ఇప్పుడు కెనడాలో ఎగురుతున్న లాంకాస్టర్ ఆయన పేరు మీదే ఉంది.

తిరిగి రానివాళ్ల మంచాల సంగతి కూడా చెప్పాలి. తెల్లవారుజామున విమానాలు దిగేవి, వచ్చినవాళ్లకి వేడి టీ, గుడ్డు. గుడ్డు అప్పట్లో బ్రిటన్‌లో దొరకని వస్తువు, వీళ్లకి మాత్రం ఇచ్చేవాళ్లు. ఫలానా విమానం రాలేదని తేలాక, ఆ కుర్రాళ్ల గదికి ఇద్దరు ముగ్గురు వచ్చి బట్టలు, ఫొటోలు, ఉత్తరాలు సర్దేసేవాళ్లు. ఇంటికి పంపేముందు ఆ ఉత్తరాలు చదివి, అమ్మకో భార్యకో బాధ కలిగించేవి ఏవైనా ఉంటే తీసేసేవాళ్లు. సాయంత్రానికి ఆ మంచం మీద కొత్త కుర్రాడు. భయం తట్టుకోలేక ఇక వెళ్లనన్నవాళ్లని మాత్రం పిరికివాళ్లని ముద్రవేసి, చొక్కా మీది రెక్కల గుర్తు పీకేసి పంపేశారు. ఇరవై రాత్రులు వెళ్లొచ్చి ఇరవై ఒకటో రాత్రి కాళ్లు కదలనివాడు పిరికివాడా? నేను ఒప్పుకోను. వాళ్లని కూడా ఇవాళ తలుచుకోవాలి.

ఇదంతా ఆ రోజు లాంకాస్టర్ రెక్క కింద నిలబడి నాకు తెలిసినంత బావకి చెప్తూ ఉన్నాను. అంతా విని బావ అడిగాడు, "అంతా బానే ఉంది కానీరా, ఊళ్ల మీద బాంబులేసినోళ్లకి దండం పెట్టాలంటావా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పగలిగితే అబద్ధం అయ్యేది.

1943 జులై చివర్లో హాంబర్గ్ మీద వారం పాటు దాడులు జరిగాయి, ఊరు ఊరంతా ఒకే మంటైపోయి గాలిని కూడా లాగేసుకుంది, 35,000 మందికి పైగా పోయారు, ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో 25,000 మంది దాకా. 1943 మే నెలలో జర్మనీ డ్యాములు పగలగొట్టిన దాడి గురించి ఇక్కడ చాలా గొప్పగా చెప్పుకుంటారు, 19 విమానాలు వెళ్తే 8 రాలేదు, 53 మంది చనిపోయారు, ఆ సాహసం నిజమే. కానీ ఆ నీళ్లలో కొట్టుకుపోయినవాళ్లు దాదాపు 1,600 మంది, వాళ్లలో చాలామంది జర్మన్లు కూడా కాదు, రష్యా వైపు నుంచి నాజీలు బలవంతంగా పనికి తెచ్చిన ఆడపిల్లలు. అటు లండన్, కొవెంట్రీ, వార్సా, రాటర్‌డామ్ మీద ముందు బాంబులేసింది జర్మన్లే, ఐరోపా అంతా నాజీల కాళ్ల కింద ఉంది, 1942లో వాళ్లని జర్మనీలో తాకగలిగింది బ్రిటిష్ వాళ్లకి ఈ కుర్రాళ్లొక్కరే. ఇవన్నీ నిజాలే. ఒకటి చెప్పి ఒకటి మింగేస్తే చచ్చిపోయినవాళ్లందరికీ అన్యాయం చేసినట్టే.

బాంబు కింద ఉండటమంటే ఏమిటో మా ఇంట్లో కొంచెం తెలుసు. మాది అసలు విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ర్యూజో అనే ఓడ మీంచి ఎగిరొచ్చి విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. హాంబర్గ్‌తో పోలిస్తే అది ఏమీ కాదు, పోయినవాళ్లు కొద్దిమందే. కానీ ఊరు ఖాళీ అయిపోయింది. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఎడ్లబండి మీద బియ్యం మూట, ఇత్తడి బిందె, నెలల తమ్ముడు, అందరూ పల్లెలోని మేనత్త వాళ్లింటికి వెళ్లిపోయారు. ముసలితనంలో కూడా దీపావళికి తారాజువ్వ ఇంటి మీదగా వెళ్తే చేతులు చెవుల మీద పెట్టుకుని వంగిపోయేది. పైన విమానంలో ఉన్నవాడి మీద ఆమెకి కోపం ఉండేదా అంటే, నేనెప్పుడూ అడగలేదు. ఒకసారి మాత్రం అంది, "వాడికీ అమ్మ ఉంటాది కదరా, ఎక్కడో."

బావకి నేను అదే చెప్పాను. బాంబుకి దండం పెట్టమనడం లేదు. ఆ తోకలో కూర్చున్నవాడి కోసం ఇంటి దగ్గర గుమ్మం వైపు చూస్తూ ఉన్న మనిషి గురించి చెప్తున్నాను. ఏ ఊరి మీద వెయ్యాలో వాడు నిర్ణయించలేదు, నిర్ణయించినవాళ్లు టేబుళ్ల దగ్గర కూర్చున్నారు. వాడు తనవంతు ప్రాణం పందెం కాశాడు. యుద్ధం అయ్యాక ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లకే ఇబ్బందిగా అనిపించి వీళ్లని పక్కకి నెట్టేశారు. 1945 మే 13న చర్చిల్ విజయం గురించి రేడియోలో మాట్లాడాడు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, ఏళ్ల తరబడి జర్మనీ మీదకి పంపిన బాంబర్ల దాడుల గురించి మాత్రం ఎత్తలేదు. వాళ్లకంటూ ప్రత్యేకంగా పతకం ఇవ్వలేదు. చివరికి 2013లో రిబ్బను మీద పెట్టుకునే చిన్న క్లాస్ప్ ఒకటి ఇచ్చారు, అప్పటికి బతికున్నవాళ్లకి తొంభై ఏళ్లు దగ్గర పడ్డాయి. లండన్ గ్రీన్ పార్కులో స్మారకం 2012 జూన్ 28న తెరిచారు, 67 ఏళ్ల తరవాత, అదీ జనం ఇచ్చిన చందాలతో.

ఆ స్మారకం చూడండి, లండన్ వస్తే తప్పకుండా చూడండి. ఏడుగురి కంచు విగ్రహాలు, ఇప్పుడే విమానం దిగి వచ్చినట్టు, బూట్లు బరువుగా, ఒకరిద్దరు ఇంకా ఆకాశం వైపు చూస్తున్నారు, ఇంకా రాని వాళ్ల కోసం. పైకప్పులో వాడిన అల్యూమినియం 1944లో బెల్జియంలో కూలిన ఒక హాలిఫాక్స్‌ది. అందులో కుర్రాళ్లు పోయారు, కొందరి అవశేషాలు యాభై ఏళ్లు బురదలోనే ఉండిపోయాయి, 1997లో తవ్వితీశారు. ఇంకొక మాట, ఆ స్మారకం మీద 1939 నుంచి 45 దాకా బాంబు దాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవాళ్లని కూడా తలుచుకుంటూ ఒక వాక్యం చెక్కారు. అది చదివాక నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

తరవాత నేనొక్కణ్నే లింకన్ వెళ్లాను. లింకన్‌షైర్ అంతా చదును నేల, అందుకే అక్కడ అడుగడుక్కీ బాంబర్ స్టేషన్లు ఉండేవి. గుట్ట మీద పాత కెథడ్రల్ ఉంది. వెళ్లేటప్పుడు వాళ్లు చివరగా చూసేది దాన్నే, తెల్లవారి పొగమంచులో దాని గోపురాలు కనబడితే ఇంటికొచ్చామని అర్థం. ఎదురుగా ఇంకో గుట్ట మీద ఇప్పుడు తుప్పు రంగు ఇనుముతో ఒక స్తంభం నిలబెట్టారు. దాని ఎత్తు 31 మీటర్లు, సరిగ్గా లాంకాస్టర్ రెక్కల పొడవంత. చుట్టూ గుండ్రంగా ఇనప గోడలు, వాటిలో పేర్లు. రాసినవి కావు, అక్షరం ఆకారంలో ఇనుమునే కోసేశారు, అవతలి వెలుతురు అక్షరాల్లోంచి కనబడుతుంది. దాదాపు 58,000 పేర్లు, విమానం ఎక్కినవాళ్లవే కాదు, నేల మీద పనిచేస్తూ పోయినవాళ్లవి కూడా. ర్యాంకు లేదు, ఆఫీసరా సార్జెంటా లేదు. ఎవరో వచ్చి ఒక్కో అక్షరం సందులో, యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా ఇక్కడ పెట్టుకునే ఎర్ర గసగసాల పువ్వు గుచ్చి వెళ్తుంటారు.

ఆ గోడ చదవడం కష్టం. ఒకే ఇంటిపేరు ఇరవై సార్లు, ముప్పై సార్లు వస్తుంది, ఎవరు అన్నదమ్ములో ఎవరు కాదో తెలియదు. మధ్యలో పోలిష్ పేర్లు, చెక్ పేర్లు, ఫ్రెంచి పేర్లు. నేను పక్క గోడ దగ్గరికి పోతూ పోతూ, వేలితో ఒక పేరు మీద రుద్దితే చేతికి తుప్పు అంటింది.

గోడ మీద లేనివాడు, బతికి వచ్చినవాడు, ఒకాయన గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలన్నీ తెల్లవాళ్లవే అనుకుంటాం. సై గ్రాంట్. గయానా మనిషి, నల్లజాతివాడు. ఈ లింకన్‌షైర్‌లోనే ఎల్‌షమ్ వోల్డ్స్ అనే చోట 103 స్క్వాడ్రన్‌లో నావిగేటర్. 1943లో హాలండ్ మీద ఆయన విమానం కూలింది, రెండేళ్లు ఖైదీగా ఉన్నాడు. జర్మన్ పేపరు ఆయన ఫొటో వేసి, జాతి ఏదో తెలియని సైనికుడు అని కింద రాసింది. తరవాత బ్రిటన్ టీవీలో పేరు తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు ఆ విమానం కూలడం చూసిన ఒక డచ్ ఆయన, పెద్దయ్యాక అందులో ఉన్నదెవరో వెతుక్కుంటూ బయల్దేరి గ్రాంట్‌ని కనుక్కున్నాడు. గ్రాంట్ తన చివరి రోజుల్లో కరీబియన్ నుంచి వచ్చిన ఎయిర్‌క్రూ అందరి పేర్లూ పోగుచేసే పని చేశాడు. మర్చిపోతారని ఆయనకి తెలుసు.

హాలండ్ పేరెత్తాను కాబట్టి ఇది కూడా. 1945 ఏప్రిల్ 29న అవే లాంకాస్టర్లు హాలండ్ మీద చాలా కిందగా ఎగురుతూ బాంబులుండే చోట తిండి మూటలు నింపుకుని వెళ్లాయి. ఆ చలికాలం అక్కడ జనం తులిప్ దుంపలు తిని బతికారు, వేలమంది ఆకలితో చచ్చిపోయారు. పది రోజుల్లో దాదాపు 7,000 టన్నులు పడేశారు. డచ్ వాళ్లు పొలంలో తులిప్ పూలతోనే కృతజ్ఞతలు అని పెద్ద అక్షరాలు పేర్చారు, పైనుంచి కనబడాలని. తరవాత ముసలివాళ్లయ్యాక చాలామంది ఎయిర్‌క్రూ యుద్ధం గురించి ఏమీ చెప్పేవాళ్లు కాదు, ఇది మాత్రం చెప్పేవాళ్లు.

లింకన్ నుంచి వచ్చాక నాకొక అలవాటయింది. అక్కడివాళ్లు చనిపోయిన ప్రతి మనిషి వివరాలూ ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. ఆదివారం పొద్దున్న కాఫీ పెట్టుకుని ఒక విమానం తీసుకుంటాను. ఏడుగురి పేర్లు, వయసులు, ఏ ఊరు, ఎక్కడ పడుకున్నారు. కొన్ని సమాధుల్లో రాళ్లు ఒకదానికొకటి ఆనించి పెడతారు, ఎవరిది ఏ శరీరమో విడదీయలేకపోయినప్పుడు. బాంబర్లవాళ్లతో సహా ఎయిర్ ఫోర్స్‌ల్లో సమాధే లేనివాళ్లు 20,000 మందికి పైగా, వాళ్ల పేర్లు లండన్ దగ్గర రన్నీమీడ్ అనే చోట స్మారకం గోడల మీద ఉన్నాయి. పేర్లు పైకి చదువుతాను, నా ఇంగ్లీషు ఉచ్చారణ వాళ్ల అమ్మలకి నచ్చేది కాదేమో, కానీ చదువుతాను. ఒక విమానానికి ఎక్కువ చదవలేను, పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి, మళ్లీ పంతొమ్మిది అని వస్తుంటే గొంతు పట్టేస్తుంది.

మొన్న నవంబరులో బావ ఫోన్ చేశాడు. ఇక్కడ పొద్దున్న పదకొండు గంటలకి రెండు నిమిషాలు మౌనం పాటించే రోజు అది, అక్కడ సాయంత్రం. వాళ్ల చిన్నమ్మాయి స్కూల్లో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం వచ్చిందట, మనం చూసిన విమానం గురించి చెప్పానురా, నిజాం పేరు చెప్పాను, అది వెంటనే మరి అందులో ఎవరెక్కారు నాన్నా అని అడిగింది, నాకు గుర్తు రాలేదు అన్నాడు.

ఇంగ్లిస్, బోడ్లీ అని చెప్పాను.

"ఆగు, రాసుకోనీ" అని పెన్ను కోసం వెతికాడు. "రెండోది మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు, పిల్ల రాసుకుంటోంది."